మగ్గం గుంట చుట్టూ పట్నం

సిద్దిపేట బజారు దాటి ఎడమకు తిరిగితే మా అక్క భారతమ్మ వాళ్ళ సందు. ఆ పెద్ద యుద్ధం, లడాయి రాకముందు ఆ సందులో అడుగు పెడితే చాలు, నూలుకు పట్టించే గంజి వాసన ముక్కుకు తగిలేది. ఇంటింటా మగ్గం ఆడుతుండేది. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. లడాయి వచ్చి నూలు కంట్రోలై దొరక్కుండా పోయాక మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సెలవునాడు నేను మా బడి ఉన్న ఊరినుంచి నడిచి వచ్చేసరికి, సందు నోరు ఎవరో మూసినట్టు ఉండేది.

నా పేరు నాగేశం. పంతుల్ని. లెక్కలకంటే ముందు కథ చెప్పడం నా అలవాటు. పిల్లల్ని కండ్లు మూసుకోమంటాను. "ఇగో, సముద్రం. చూడున్రి," అంటాను. నేను సముద్రం చూసినవాణ్ణి కాను, వాళ్ళూ చూడలేదు. అయినా కాసేపటికి వెనక వరుసలో ఒకడు ధోవతి కుచ్చెళ్ళు పైకి ఎగదోసుకుంటాడు, తడుస్తుందని. ఊహకు ఎంత బలముందో నాకు బడిలోనే తెలిసింది.

మా అవ్వ నన్ను కని కన్ను మూసింది. పెంచింది అక్కే. పెళ్ళై అత్తగారింటికి పోతూ నన్ను చంకన వేసుకుని పోయింది. "పిల్లను తెచ్చుకుంటిమా, పిల్లతోటి పిల్లగాణ్ణి గూడ తెచ్చుకుంటిమా?" అని వాళ్ళ అత్త దెప్పితే, తన పళ్ళెంలోది సగం నాకు పెట్టి నోరు మూసుకుని నూలు చుట్టుకుంది. నేను నాలుగక్షరాలు నేర్చి పంతులునయ్యానంటే ఆ సగం పళ్ళెమే కారణం. ఈ లోకంలో ఎవరినైనా కండ్లు మూసుకుని నమ్మమంటే నేను మా అక్కను నమ్మేవాణ్ణి.

అక్కకు ఒక్కతే బిడ్డ, సులోచన. పదేండ్ల పిల్ల. ఆ ఏడు వానలు మొదలైనప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ రెండు కాళ్ళనూ పట్టుకుపోయింది. దవాఖానలో చూపించారు. హకీం నూనె రాశాడు. పసరు మందాయన కట్లు కట్టాడు. పిల్ల నడుము దాకా పిల్లే, కిందికి మాత్రం ఎండు కట్టెలు.

అట్లాంటప్పుడు వచ్చాడు రామేశ్వర్.

ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. బజారులో ఒక మిద్దె మీద గది కిరాయికి తీసుకున్నాడు. తెల్లటి ధోవతి, నూనె పెట్టి దువ్విన జుట్టు, మెత్తని మాట. మందు ఇవ్వడు. పైసా ముట్టడు. రోగి పక్కన కూర్చుని కండ్లు మూసుకోమంటాడు.

"మందు నీలనే ఉన్నది బిడ్డా," అనేవాడు సులోచనతో. "నేను దారి చూపెటోణ్ణి, గంతే. మల్లన్న పండుగకు నేల మీద ముగ్గు లెక్క పట్నం ఏస్తరు చూసినవా? పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, నల్లపొడి... గసువంటి పట్నం నీ మనసుల ఏసుకో. గా పట్నంల నడువు. మంచం మీద కాళ్ళు పోయినయి గని, ఆడ పోలేదు."

పిల్ల నడిచింది. మనసులోనే. వారం తిరిగేసరికి బొటనవేలు కదిలింది.

నేను పోయినప్పుడు పట్నం సంగతులన్నీ నాకు చెప్పేది. "మామా, ఆడ అన్ని ఇండ్లల్ల మగ్గాలున్నయి. ఆడుతనే ఉంటయి. దీపాలు మాత్రం లెవ్వు."

"మరి చీకట్ల ఎట్ల నేస్తరే?"

"ఏమో. అందరు అటు దిక్కు మొఖం పెట్టి కూసుంటరు."

పిల్ల ఊహ అనుకున్నాను. ముచ్చటపడ్డాను కూడా. రామేశ్వర్ నా వైపు చూసి నవ్వాడు. "పంతులూ, మీరు బడిల చేసేది, నేను మంచం కాడ చేసేది ఒక్కటే." ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఒక్కటే చిక్కు. పట్నంలో వీధులన్నీ తిరుగుతుందట. బయటికి వచ్చే గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు రావట. గుమ్మంలో ఏదో వెనక్కి లాగుతుందట.

ఆషాఢ అమాసకు రమ్మని అక్క కబురు పంపింది. మేనమామ లేనిదే పని కాదంది. మా దిక్కు మేనమామ లేనిదే ఏ పనయ్యింది గనక? చెవులు కుట్టాలంటే పిల్ల మేనమామ ఒడిలో కూర్చోవాలి. పెళ్ళిలో గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చేది మేనమామే. ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

పోయేసరికి పొద్దు గూకుతోంది. ముసురు పట్టింది. వాకిట్లో బావ బాలనర్సయ్య ఉన్నాడు. నన్ను చూస్తే పరాచికమాడకుండా ఉండలేని మనిషి. "ఏం పంతులూ, మీ ఊర్లె పొయ్యి అంటుకుంటలేదా?" అనకుండా ఏనాడూ లోపలికి రానివ్వలేదు. ఆనాడు తల దించుకుని చుట్టకు అగ్గిపుల్ల గీశాడు. అది వెలగలేదు. మళ్ళీ గీశాడు.

"ఏం బావా, పలుకుతలెవ్వు?"

"లోపలికి పో తమ్మీ. మీ అక్క ఎదురు చూస్తుంది." అంతే అన్నాడు.

అక్క చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు నా చేతికివ్వలేదు. కింద కూర్చుని నా కాళ్ళ మీద తనే పోసింది. వేళ్ళ సందులు కూడా తోమి కడిగింది. కడిగి కొంగుతో తుడిచింది. నేను కాళ్ళు వెనక్కి తీసుకోబోయాను.

"అక్కా! పెద్దదానివి, నా కాళ్ళు ముట్టుడేంది?"

"మేనమామవు గదరా. ఇయ్యాల నీ కాళ్ళకే మొక్కాలె." తల ఎత్తలేదు.

మగ్గం ఉన్న అర్ర ఇంటికి లోపలి గది. మగ్గం చట్రం విప్పి గోడకు ఆనించారు. నేలలో గుంట మాత్రం అట్లాగే ఉంది. నేత మనిషి కాళ్ళు పెట్టుకుని కూర్చునే గుంట. దాని చుట్టూ రామేశ్వర్ పట్నం వేశాడు. అంత అందమైన పట్నం నేను కొమురెల్లి మల్లన్న జాతరలో కూడా చూడలేదు. పసుపు గీతల వీధులు, ఎర్ర చుక్కల ఇండ్లు, ఆకుపచ్చ గోడలు. నట్టనడుమ నల్లగా గుంట. ఒక మూల ఆముదపు దీపం. పసుపు వాసన, తడిసిన మట్టి వాసన, వాటి కిందినుంచి ఎక్కడిదో పులిసిన గంజి వాసన. ఆ ఇంట్లో గంజి కాచి ఎన్నాళ్ళయిందో.

ఒకటి చూశాను. పట్నానికి నాలుగు దిక్కులా గుమ్మాలుంటాయి. దీనికి ఒక్కటే ఉంది.

"ఒక్కటే గుమ్మమేంది?" అన్నాను.

"చాలు పంతులూ," అన్నాడు రామేశ్వర్. "గదే దారిల పోతరు. గదే దారిల పిల్ల బయటికొస్తది."

పిల్ల అన్నాడు. నా సంగతి అనలేదు. అది నాకు తరువాత తట్టింది.

సులోచనను ఎత్తుకుని గుమ్మంలోంచి, వీధి గీతలు చెరపకుండా, గుంట దాకా నడిచాను. గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలో పెట్టాను. పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. గుంట చల్లగా ఉంది. సహజమే, మట్టి గుంట కదా అనుకున్నాను.

"కండ్లు మూసుకోన్రి," అన్నాడు రామేశ్వర్. "ఇద్దరూ."

మూసుకున్నాను. పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేసింది. వాన మిద్దె మీద పడుతోంది. రామేశ్వర్ గొంతు ఆ చినుకుల వెంటే నడుస్తోంది. ఇది పసుపు వీధి. ఇది మొదటి ఇల్లు. ఇది రెండో ఇల్లు... బడిలో నేను పిల్లలకు చెప్పినట్టే. నాకు నవ్వొచ్చింది. సరే, నేనూ చూద్దామనుకున్నాను.

చూశాను.

మొదట చప్పుడు. మగ్గాల చప్పుడు. సందులో ఆగిపోయిన మగ్గాలన్నీ ఇక్కడికి వచ్చి ఆడుతున్నట్టు. ఆ తరువాత వీధి. కాళ్ళ కింద పసుపు మెత్తగా అణుగుతోంది. రెండు వైపులా తలుపుల్లేని ఇండ్లు. ప్రతి ఇంట్లో ఒక గుంట. ప్రతి గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒక మనిషి. అందరి వీపులూ మాకే. ఎవరి చేతులూ కదలడం లేదు. మగ్గాలు వాటంతట అవే ఆడుతున్నాయి.

సులోచన నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. నిజంగా నడుస్తోంది. నా కండ్లలో నీళ్ళు తిరిగాయి.

"గీడ కూసో మామా," అంది. నట్టనడుమ ఇల్లు. గుంట. ఖాళీగా ఉంది.

"నువ్వో?"

"నేను గుమ్మం దాకా పోయొస్త. నువ్వుంటే నన్ను గుంజదట."

కూర్చున్నాను. పిల్ల అడుగుల చప్పుడు దూరమైంది. ఒడి తేలికైంది. ఆ ఒడి తేలికవడం మాత్రం అక్కడ కాదు, ఇక్కడ, నా అసలు ఒడిలో తెలిసింది.

పక్కింట్లోంచి ఎవరో గుసగుసగా అడిగారు. మొగ గొంతు. మొఖం తిప్పలేదు.

"నిన్నెవరు కూసోబెట్టిన్రు?"

నేను ఆ వీపునే చూస్తున్నాను.

"నన్ను మా అన్న," అంది ఆ గొంతు.

"నన్ను నా పెనిమిటి," అవతలింట్లోంచి ఒక ఆడమనిషి. "ఆయన పానం బాగయిందట. మళ్ళ పెండ్లి గూడ చేసుకున్నడట."

"నిన్నెవరు?"

"నన్ను ఎవరూ పెట్టలేదు," అన్నాను. "నేను మా మేనకోడలికి తోడు వచ్చిన. మా అక్క పిలిచింది."

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"అక్కనా," అన్నాడు ఆ మనిషి. ఎగతాళిగా కాదు. జాలిగా.

లేవబోయాను. కాళ్ళు రాలేదు. గుంటలో ఏదో... తడి నూలు. చీలమండల చుట్టూ. ఒక చుట్టు... ఇంకో చుట్టు... ఎవరో తీరిగ్గా, పోగు పోగూ సరిచూసుకుంటూ చుడుతున్నట్టు. కండ్లు తెరవాలనుకున్నాను. తెరుచుకోలేదు. "అక్కా!" అని అరిచాను. అరుపు నాకే వినబడలేదు.

పైనుంచి మాటలు వినిపించాయి. నీళ్ళ అడుగున ఉన్నవాడికి గట్టు మీది మాటలు వినిపించినట్టు.

"ఎవరిని ఇస్తున్నవమ్మా?" రామేశ్వర్ గొంతు.

"నా తమ్ముణ్ణి."

"ఇయ్యనీకె నీకు హక్కున్నదా?"

"పెంచిన. నా పళ్ళెంల కూడు పెట్టి పెంచిన."

"తెలిసే ఇస్తున్నవా?"

వాన చప్పుడు. ఆ చప్పుడులో అక్క ఎక్కిళ్ళు. చెప్పదు, అనుకున్నాను. ఇప్పుడు కాదంటుంది. ఇప్పుడు వచ్చి నా చెయ్యి పట్టుకుని గుంజుతుంది...

"తెలిసే."

ఆ వెంటనే పిల్లతో అంది, "ఎనుకకు చూడకు బిడ్డా. మామను చూడకు. వచ్చెయ్."

నూలు మోకాళ్ళ దాకా వచ్చింది.

కండ్లు తెరుచుకున్నాయి.

ఆముదపు దీపం. గోడకు ఆనించిన చట్రం. నా ఒడి ఖాళీగా ఉంది. సులోచన గడప దగ్గర, అక్క నడుము పట్టుకుని, తన కాళ్ళ మీద తను నిలబడి ఉంది. అక్క పిల్ల నెత్తి మీద మొఖం పెట్టి వెక్కివెక్కి ఏడుస్తోంది. నేను కాళ్ళు గుంటలోంచి తీశాను. సులువుగా వచ్చాయి. నూలు లేదు, ఏమీ లేదు. వేళ్ళు కదిపి చూసుకున్నాను. అన్నీ కదిలాయి.

ఊహే కదా. అక్క మాటలు కూడా నా భయమే పలికించి ఉంటుంది. అట్లా అనుకుని లేచి, పట్నం మీదుగానే గడప దాకా నడిచి, వెనక్కి తిరిగి చూశాను.

గుంటనుంచి గుమ్మం దాకా పొడిలో చిన్న చిన్న అడుగులు. ఐదు వేళ్ళూ ముద్ర పడ్డ పిల్ల అడుగులు.

నావి లేవు.

"అక్కా," అన్నాను. "అక్కా, నా దిక్కు చూడు."

చూడలేదు. నేను ఆ ఇంటినుంచి ఏనాడూ ఉత్త కడుపుతో పోలేదు. జొన్నరొట్టె ముక్కయినా చేతిలో పెట్టి పంపేది. ఆనాడు తిన్నావా అనలేదు. వానలో ఎట్ల పోతవురా అనలేదు. వాకిట్లో బావ నన్ను చూసి పక్కకు జరిగాడు, మైల మనిషికి దారి ఇచ్చినట్టు.

వానలోనే ఊరికి పోయాను. వెనక్కి తిరిగి బురదలో నా అడుగులు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. చినుకులు చెరిపేస్తాయి లెమ్మనుకున్నాను.

తరువాత అంతా మామూలే. బడి నడిచింది. పిల్లలు పలకలు తెచ్చారు. పటేలు నమస్తే పెట్టాడు. ఆకలేసింది, తిన్నాను. నిద్రొచ్చింది, పడుకున్నాను. ఒక్కటే తేడా. పిల్లల్ని కండ్లు మూసుకోమని చెప్పడం మానేశాను. నేనూ మూసుకునేవాణ్ణి కాదు, నిద్ర వచ్చి వాటంతట అవి మూతపడేదాకా. మూతపడేముందు మగ్గాల చప్పుడు మొదలయ్యేది.

అక్కనుంచి కబురు లేదు. చివరికి ఒక పొద్దున నేనే బయలుదేరాను. ఒక్క మాట అడగాలి. నీకు తెలుసా, లేదా? తెలియదని అబద్ధం చెప్పినా చాలు, నమ్మడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

బజారులో రామేశ్వర్ గది తలుపు తాళం వేసి ఉంది. ఖాళీ చేసి పోయాడట. ఎటుపోయాడో ఎవరికీ తెలియదు.

సందులో సులోచన తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. ఒంటికాలి మీద. గంతులేస్తోంది. ఆ కాలు చూడగానే నా గుండెలోని కోపమంతా కరిగింది. పిల్ల నడిచింది. ఇంకేం కావాలి?

"సులోచనా!"

పిల్ల గంతు మధ్యలో ఆగి నన్ను చూసింది. సంబరపడలేదు.

"మామా... నువ్వెప్పుడు బయటికొచ్చినవ్?" గుసగుసగా అడిగింది.

"ఎక్కడినుంచే?"

"గుంటలకెంచి. ఇందాక గూడ చూసిన. కండ్లు మూస్తే కనబడతవు. అవ్వను పిలుస్తుంటవు." చుట్టూ చూసి ఇంకా మెల్లగా అంది, "అవ్వకు చెప్పిన. చెప్తే కొట్టింది."

"మరి గీడున్నదెవరే, పిచ్చిదానా?" నవ్వడానికి చూశాను.

పిల్ల నా మొఖం చూడలేదు. నా కాళ్ళు చూసింది. చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అవ్వ ఏది?"

"మిద్దె మీదున్నది. పిట్టకు పెడుతుంది."

మా దిక్కు మనిషి పోతే, వాడికి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి మిద్దె మీద ఉంచుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే చేతులు జోడించి, పేరు పెట్టి పిలిచి, ఏం తక్కువైందో చెప్పమని బతిమాలుతారు. ఆ ఇంట్లో ఎవరూ పోలేదు.

పెరట్లోంచి నిచ్చెన ఎక్కాను. తల మిద్దె అంచుకు వచ్చేదాకా ఎక్కి ఆగాను. అక్క, బావ నాకు వీపు పెట్టి కూర్చున్నారు. ముందు మోదుగాకు విస్తరి. తెల్లన్నం, చింతపులుసు, ఇగురుకూర. ఆకాశంలో ఒక్క పిట్ట లేదు.

"నాగేశం," అంటోంది అక్క. "ముట్టురా తమ్మీ. నా కొడుకా. ముట్టురా..."

"బతికున్నోనికి పిట్ట ఎట్ల ముడుతదే?" బావ గొంతు చితికిపోయి ఉంది. "పాపం చేసినమే మనం."

"చేసిన. నేనే చేసిన. నువ్వు చెయ్యలే, నీ మీద పడదు తియ్." అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడు ముడితెనే పిల్ల కాళ్ళు నిలుస్తయని రామేశ్వర్ చెప్పిండు. వాడు తినాలె. ఆడ కూసోని తింటుంటెనే ఆడ ఉంటడు... తిను బిడ్డా, తిను."

ఇక అడగడానికేం మిగిలింది? సందులో సులోచన గంతుల చప్పుడు వినిపిస్తోంది. నాకు ఒక్క సంగతి అర్థమైంది. నేను ముట్టకపోతే సరి. నా నోరు నా చేతిలోనే ఉంది. ముట్టకపోతే గుంట నన్ను వదులుతుంది. వదిలితే, ఆ గంతులు ఆగిపోతాయి. ఆగనీ, అనుకున్నాను. అవును, అనుకున్నాను. నన్ను పెంచిన మనిషి నన్ను ఇచ్చేసిందంటే, నేను మాత్రం ఎవరి కోసం కూర్చోవాలి?

పండ్లు బిగబట్టాను. ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో నోరు గట్టిగా పట్టుకున్నాను.

కాకి రాలేదు. ఆకు కదల్లేదు. బావ లేవబోయాడు.

అప్పుడు... మిద్దె కిందినుంచి... మగ్గం అర్రలోంచి... ఒక గొంతు వచ్చింది.

"అక్కా... ఆకలైతుంది. పెట్టవా?"

నా గొంతే.

కింద సందులో గంతులు ఆగలేదు. అక్క ఏడుస్తూనే, ఇటు తిరగకుండానే, ఆకులో మరో ముద్ద పెట్టింది.

మూసుకున్న నా నోట్లో, నాలుక మీద, అన్నం వెచ్చగా తగిలింది.